పెరిగే పిల్ల బాణాలు

నా సర్వీసంతా ఈల ఊది బతికాను. తాండూరు చుట్టుపక్కల బడుల్లో పీఈటీగా చేరి, ఆ చుట్టుపక్కలే తిరిగి తిరిగి రిటైరయ్యాను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, చాయ్ తాగి, "మేడం, మీ అనుభవంలోంచి ఒక్క మాట చెప్పండి" అంటారు. క్రమశిక్షణ గురించో పట్టుదల గురించో చెప్తానని వాళ్ళ ఆశ. నేను మాత్రం "పిల్ల మోచెయ్యి సరిచేసే ముందు బాణం పొడవు కొలవండి" అంటాను. వాళ్ళు మర్యాదగా తలూపి, ఇంకో బిస్కెట్ తిని వెళ్ళిపోతారు. పెద్దావిడ, పాపం, ఏదో అంటున్నది అనుకుంటారు కాబోలు. అందుకని ఆ మాట వెనకున్న సంగతి మొత్తం ఒకసారి రాసి పెడుతున్నాను.

నా చివరి బడి యాలాల్ వైపు. ఒక దాతను వాలీబాల్ నెట్లు ఇప్పించమని అడిగితే విల్లు పంపించాడు. విల్లుతోపాటు కొన్ని పాత బాణాలు, గడ్డితో చేసిన ఒక టార్గెట్ వచ్చాయి. వాపసు పంపిస్తే ఈసారి అదీ రాదని హెడ్మాస్టర్ భయం. "నేర్పించండి మేడం, ఏముంది, లాగి వదలడమే కదా" అన్నాడు. నాకు విలువిద్య బొత్తిగా రాదని కాదు. హైదరాబాదులో ఒక శిక్షణకు వెళ్ళొచ్చాను. బాణాల గురించిన పాఠం మాత్రం మధ్యాహ్నం బిర్యానీ తర్వాత పెట్టారు. ఆ పాఠంలో నాకు గుర్తున్నది ఫ్యాను చప్పుడు.

విల్లు పట్టుకున్న పిల్లల్లో ఒక్కతే నిలిచింది. పదో తరగతి. మాట తక్కువ. వాళ్ళ నాన్న తాండూరులో బండల పాలిష్ యూనిట్లో కోత మిషన్ నడుపుతాడు. వాళ్ళమ్మ ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని మా బడిలో సగం మందికి యూనిఫాంలు కుడుతుంది. ఆమె కుట్టిన గౌను ఏ పిల్ల వేసుకున్నా దూరం నుంచే పోల్చుకోవచ్చు. భుజాలు జారుతుంటాయి, చేతులు మణికట్టు దాటుతాయి, అంచు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి ఉంటుంది. ఎందుకమ్మా అంత వదులు అంటే ఎప్పుడూ ఒకటే జవాబు: "పెరిగే పిల్ల గద మేడం. గుడ్డ ఎక్కువుంటే మడుస్త. తక్కువైతే ఏడికెల్లి తేవాలె?"

పిల్ల దగ్గరి దూరంలో బాగా కొడుతోంది. అప్పుడే వికారాబాద్‌లో స్పోర్ట్స్ హాస్టల్‌కు సెలెక్షన్లు ఉన్నాయని తెలిసింది. ఆ సీటు ఆమెకు ఎందుకంత అవసరమో చెప్పాలి. విల్లు బడిది. పది పాసై బయటికి పోయిందంటే విల్లు ఇక్కడే ఉంటుంది, పిల్ల వెళ్ళిపోతుంది. వాళ్ళమ్మ కూడా సూటిగా చెప్పేసింది. "హాస్టల్ల సీటొస్తె పంపుతం మేడం, నాకేం బాధ లేదు. రాకుంటె తాండూర్ల ఇంటర్, పొద్దుమీకితే మిషన్ మీద కూసుంటది. విల్లు కొనే తాకత్ మాకు లేదు." పిల్ల అక్కడే నిలబడి వింది. మర్నాటి నుంచి బడి గేటు తెరవకముందే వచ్చి నిలబడేది.

పాత బాణాలు ఒక్కొక్కటే విరిగిపోయాయి. కొత్తవి కొనడానికి హైదరాబాద్ పోయాం. నేను, పిల్ల, వాళ్ళమ్మ, మా లెక్కల సారు. లెక్కల సారుకు విలువిద్యతో ఏ సంబంధమూ లేదు. ఫోన్లో వీడియోలు చూశాడు, అంతే. కానీ బడిలో లెక్కల సారు ఏ విషయంలో మాట్లాడినా లెక్కతోనే మాట్లాడుతున్నాడని అందరూ నమ్ముతారు. ఆయనా నమ్ముతాడు.

దుకాణం అతను గోడకున్న పట్టిక చూపించి, విల్లు ఎంత బరువు లాగుతుంది, పిల్ల ఎంత పొడవు లాగుతుంది అని అడిగాడు. విల్లు బలాన్ని బట్టి బాణానికి గట్టిదనం ఉండాలట. బలమైన విల్లుకు గట్టి బాణం, మెత్తని విల్లుకు కొంచెం వంగే బాణం. అతను పిల్లను ఎగాదిగా చూసి, పట్టిక చూసి, వంగే రకం డజను బయటికి తీశాడు. వాళ్ళమ్మ ఒకటి తీసుకుని, గుడ్డ చూసినట్టు వేళ్ళతో నలిపి చూసింది.

"జర గట్టియి ఇయ్యి అన్నా. పెరిగే పిల్ల. రేపు తాకత్ వస్తది, పెద్ద విల్లు పడ్తది. మళ్ల కొనాల్నా?"

దుకాణం అతను ఇబ్బందిగా నవ్వాడు. లెక్కల సారు "ఆమె చెప్పింది ముందుచూపుతో కూడిన మాట" అన్నాడు. నేనూ తలూపాను. ఆ రోజు దుకాణంలో ముందుచూపు లేనివాడు దుకాణం అతను ఒక్కడే. గట్టి రకం ప్యాక్ చేస్తూ, పొడవు కోయమంటారా అని అడిగాడు.

"కోస్తరా? కొత్తయా?" అని ఆమె ప్యాకెట్ లాక్కున్నంత పని చేసింది.

అలా పూర్తి పొడవు బాణాలతో తిరిగొచ్చాం. పిల్ల విల్లు లాగి నిలబడితే బాణం జానెడు ముందుకు పొడుచుకొచ్చేది. మిగతా పిల్లలు "బాణమా, బట్టలారేసే కట్టెనా" అని నవ్వారు. ఇంకా ఒక్క బాణం వదలకముందే లెక్కల సారు ఇంకో వీడియో చూసి వచ్చి, బాణాన్ని కొలతకు కోయకుండా వాడటం అశాస్త్రీయమని తేల్చాడు. కోయడం మాకు సమస్య కాదు. తాండూరులో కోయలేనిదంటూ ఏదీ లేదు. పిల్ల నాన్న బాణాలు చేతిలోకి తీసుకుని, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, మన మిషన్ల పెడితె వెంట్రుక మందం తేడా రాదు" అన్నాడు. నిజంగానే రాలేదు. బండలు కోసే చక్రం మీద అల్యూమినియం బాణాలు అంత నున్నగా తెగడం చూసి యూనిట్లో పనివాళ్ళంతా వచ్చి పట్టుకుని చూశారట.

వాళ్ళమ్మ మాత్రం సగమే కోయనిచ్చింది. "కోసిన గుడ్డ అతకదు సార్. ఆరు కోసుకోండ్రి, ఆరు నా కాడ ఉంటయి. అన్నీ ఒక్కసారే వాడ్తరా ఎవరన్న?" అని ఆ ఆరింటినీ చీర ఫాల్ గుడ్డలో చుట్టి, బీరువాలో పట్టుచీరల పక్కన, నాఫ్తలీన్ ఉండల మధ్య పెట్టేసింది.

కోసిన బాణాలతో అసలు దూరంలో ప్రాక్టీసు మొదలుపెట్టాం. మొదటి రోజు నుంచీ ఎడమకు పోవడమే. ఒకటి రెండు కాదు, అన్నీ. గురి చూసే పిన్ను కొద్దిగా ఎడమకు జరిపాం, ఒక దూరంలో కుదిరినట్టే ఉండి ఇంకో దూరంలో మళ్ళీ ఎడమకే పోయాయి. మేం జరిపినకొద్దీ అవీ జరిగాయి. చివరికి పిన్ను జరగడానికి చోటు లేకుండా పోయింది, విసిగి దాన్ని మళ్ళీ నడుమకే తెచ్చేశాం.

తర్వాత మేం చేసినవన్నీ చెప్తాను, నవ్వకండి. నేను మోచెయ్యి సరిచేశాను. మర్నాడు భుజం సరిచేశాను. ఆ తర్వాత భుజం సరిచేయడం వల్ల చెడిన మోచేతిని మళ్ళీ సరిచేశాను. లెక్కల సారు గాలి వైపు అనుమానపడి, విల్లుకు ఉన్ని దారం కట్టి, గాలి లేదని నిరూపించాడు. పిల్లను తాండూరు తీసుకెళ్ళి కళ్ళ డాక్టర్‌కు చూపించాం. ఆయన పరీక్ష చేసి, పిల్ల కళ్ళు మనందరికన్నా బాగున్నాయి అని చెప్పి పంపించాడు. వాళ్ళమ్మ ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించి, పనిలో పనిగా దర్గా దగ్గర తావీజు తెచ్చి విల్లుకు కట్టింది. తావీజు కూడా బాణంతోపాటు ఎడమకే ఊగేది. బడిలో పిల్లకు "లెఫ్ట్ టర్న్" అని పేరు పడింది.

ఇన్ని చేశాం కానీ, బాణం సంగతి ఎవరికీ తోచలేదు. బాణం కొత్తది, ఖరీదైనది, వెంట్రుక మందం తేడా లేకుండా తెగింది. తప్పు చేసే అవకాశం ఉన్నది ఇక పిల్ల ఒక్కతే.

ఒక సాయంత్రం అందరూ పోయాక బాణాలు ఏరుకుంటూ నన్ను అడిగింది. "మేడం, నేను నడుమకే చూస్తున్న. ఒట్టు. అదే పోతలేదు. నాలనే ఏదో వంకరున్నదా మేడం?" అట్లా ఏం లేదు అన్నాను. అన్నానే గాని నాకూ నమ్మకం చాలలేదు, అది ఆమెకు వినపడే ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్ల తనలో వంకర వెతుక్కుంటోంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

సెలెక్షన్ రోజు పొద్దున తాండూరు స్టేషన్లో రైలెక్కాం. విల్లు సంచిలో, బాణాలు పీవీసీ పైపులో. వాళ్ళమ్మ ఒళ్ళో ఇంకో పొడుగాటి మూట. రైలు కదిలాక మూట విప్పింది. ఫాల్ గుడ్డ, నాఫ్తలీన్ వాసన, లోపల మెరిసిపోతున్న ఆరు బాణాలు.

"మంచిరోజు గద మేడం. కొత్తయి తెచ్చిన."

నా జీవితంలో నేను మార్చని సూత్రం ఒకటుంది. పోటీ రోజున ఏదీ కొత్తది వాడకూడదు. కొత్త బూట్లేసుకుని పరిగెత్తి బొబ్బలతో కూలబడిన పిల్లల్ని ఎంతమందినో మోసుకొచ్చాను. అదే చెప్పాను.

"పండుగకు పాత బట్టలేసుకపోతరా మేడం ఎవరన్న?"

"ఇది పండుగ కాదమ్మా, పరీక్ష."

"పరీచ్చకు కొత్త పెన్ను కొనియ్యరా మరి?"

లెక్కల సారు కిటికీలోంచి కంది చేలు చూస్తూ, ఈ చర్చలో ఇద్దరి వాదనా అసంపూర్ణమే అన్నాడు. దిగేటప్పుడు మాత్రం ఆ మూట పిల్లే పట్టుకుంది.

వికారాబాద్ గ్రౌండ్‌లో మంచు ఇంకా విడలేదు. పోటీకి ముందు ప్రాక్టీసుకు కాసేపు వదిలారు. ఒక్కో విడతకు ఆరు బాణాలు. మా పిల్ల మొదటి విడత వేసింది. ఐదు టార్గెట్ ఎడమ అంచు మీద దిగాయి. ఆరోది అంచు కూడా దాటి, స్టాండు ఇనుప కాలికి తగిలి కొడవలిలా వంగి కింద పడింది.

పిల్ల ఆ వంగిన బాణం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది.

ఇప్పుడు లెక్క ఇది. పోటీలో ఆరు బాణాలూ ఒకే రకం ఉండాలి. ఐదుతో ఆడితే ప్రతి విడతలోనూ ఒక బాణం మార్కులు ఊరికే పోతాయి. ప్రాక్టీసులో మాత్రం ఎవరూ పట్టించుకోరు. "ఆరో దాని చోట కొత్తది ఒకటి పెట్టుకో, చెయ్యి ఆగకుండా ఉంటది" అన్నాను. వాళ్ళమ్మ మూటలోంచి తీసి, కళ్ళకద్దుకుని ఇచ్చింది.

రెండో విడత. ఐదు ఎడమకు. పొడుగు బాణం కొంచెం కింద దిగింది, కానీ ఎడమకు పోకుండా నడుమ గీతలో.

పిల్ల నా వైపు తిరిగింది. "మేడం, గదొక్కటి నా మాట ఇన్నది."

"ఒక్క ఫలితంతో నిర్ధారణకు రాలేం మేడం" అన్నాడు లెక్కల సారు.

"ఐదు ఫలితాలతో నెలల కిందనే నిర్ధారణకు వచ్చాం కదా సార్, పిల్లదే తప్పని" అన్నాను. నాకు ఎందుకో చాలా కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను.

మూడో విడత. మళ్ళీ ఐదు ఎడమకు, ఆ ఒక్కటి నడుమకు.

కోసింది ఒకటి, కోయనిది ఒకటి రెండు చేతుల్లోకి తీసుకున్నాను. చిన్నప్పుడు పొయ్యిలోకి కంది కట్టె విరిచిన చేతులివి. పొడుగు కట్టెను మోకాలి మీద పెట్టి ఇట్టే వంచుతాం. అదే కట్టెను జానెడు ముక్క చేశాక వంచమంటే ఏ పహిల్వాను వల్లా కాదు. పొడుగు బాణం వేళ్ళ మధ్య కొద్దిగా ఊగింది. పొట్టిది ఊగలేదు, ఇనుప చువ్వలా నిలబడింది. బిర్యానీ మధ్యాహ్నపు పాఠం ఇన్నాళ్ళకు ఫ్యాను చప్పుడులోంచి బయటికొచ్చింది. విల్లు వదిలిన క్షణంలో బాణం చేపలా అటూ ఇటూ వంగి, విల్లు కర్రను తప్పించుకుని, ఆ తర్వాత తిన్నగా సాగుతుంది. కుడిచేత్తో లాగే పిల్ల విల్లుకు బాణం మరీ గట్టిదైతే వంగదు, ఎడమకు తోసుకుపోతుంది. అసలే గట్టి రకం కొన్నాం. దాన్ని కోసి పొట్టి చేసి ఇంకా గట్టి చేశాం. కోయనివి పొడుగుండటం వల్ల ఆ గట్టి రకమే కొంత మెత్తబడి, మా పిల్ల విల్లుకు సరిగ్గా సరిపోయింది.

ఇదంతా నేను అక్కడ ఇంత వివరంగా ఆలోచించానని అబద్ధం చెప్పను. కట్టె వంగుతోంది, ఇది వంగట్లేదు, అంతవరకే తోచింది. ఈల వేశారు. పోటీ మొదలు. ఐదు తెలిసిన బాణాలా, ఆరు తెలియని బాణాలా?

"మూట విప్పమ్మా" అన్నాను.

మొదటి విడత ఆరూ నడుమ గీతలోనే, కానీ కిందికి. బాణాలు పొడుగు, కొంచెం బరువు. అది రోగం కాదు. పిన్ను కాస్త కిందికి దించమని సైగ చేశాను. రెండో విడత నుంచి టార్గెట్ మధ్యలోని పసుపు రంగులో పడటం మొదలైంది. పిల్ల మొహం చూశాను. సంతోషం లాంటిదేమీ లేదు. చాలాకాలం జ్వరంతో ఉన్నవాళ్ళు పొద్దున లేచి నుదురు తడిమి చూసుకుంటారే, ఆ మొహం. నాకు కళ్ళు మసకబారి తర్వాతి విడత సరిగా కనపడలేదు. వాళ్ళమ్మ పక్కనుంచి, "చెప్పిన గద మేడం, కొత్తయి కొత్తయే" అంటోంది.

సాయంత్రం పేర్లు చదివారు. మా పిల్లది చిట్టచివర వచ్చింది. చివర్నో మొదలో, సీటు సీటే. సెలెక్షన్‌కు వచ్చిన పెద్ద కోచ్ దగ్గరికొచ్చి ఆ బాణం ఒకటి తీసి చూశాడు. ఇంత పొట్టి పిల్లకు ఇంత పొడుగు బాణం ఆయన ఎక్కడా చూసి ఉండడు. విల్లు చూశాడు, మళ్ళీ బాణం చూశాడు.

"ఈ విల్లుకు ఈ బాణం ఎవరు సెట్ చేశారమ్మా?"

పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా అమ్మ సార్."

"మీ అమ్మ ఆర్చరా?"

"టైలర్ సార్."

కోచ్ నా వైపు చూశాడు. నేను గ్రౌండ్ చాలా బాగుందని చెప్పాను.

తిరుగు రైల్లో వాళ్ళమ్మకు అంతా వివరించాను. గట్టిదనం, పొడవు, వంగడం, ఎడమ. లెక్కల సారు మధ్యలో ఒక కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. తాను కోయించిన సంగతి మాత్రం బొమ్మలో లేదు. ఆమె శ్రద్ధగా విని, పల్లీలు ఒలిచి మా ఇద్దరికీ పెడుతూ, "గందుకే కదా సార్, కోయొద్దన్న" అంది. సారు పల్లీలు తిన్నాడు. నేనూ తిన్నాను. బాణాలు అంత గట్టివి కొనిపించింది ఆమేనన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పిల్ల వాళ్ళమ్మ భుజం మీద తలపెట్టి నిద్రపోతోంది, లేపడం ఎందుకని ఊరుకున్నాను.

కథ ఇక్కడ అయిపోయిందనుకున్నాను. రిటైరయ్యాక, మొన్నటి వానాకాలంలో పిల్ల ఫోన్ చేసింది. ఎత్తు పెద్దగా పెరగలేదు, వాళ్ళమ్మ పోలిక. కానీ చేతులకు బాగా బలం వచ్చింది, ఇప్పుడు లాగేది పెద్ద విల్లు. సెలవులకు ఇంటికొస్తే వాళ్ళమ్మ అప్పటి కోసిన బాణాలు ఐదూ బయటికి తీసి, "ఉట్టిగ పడున్నయి, పట్కపో" అని చేతిలో పెట్టిందట.

"అయ్యి ఎందుకే, ఎడమకు పోయేటియి?" అన్నాను.

"పోతలేవు మేడం. ఇప్పటి విల్లుకు సక్కగ నడుమలనే పడుతున్నయి. ఐదుకైదు."

మేం పనికిరావని పక్కన పడేసిన బాణాలు, పిల్ల తనలో వంకరుందని నమ్మేలా చేసిన బాణాలు. ఇన్నేళ్ళూ అవి ఆమె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి.

"మీ అమ్మకు చెప్పినవా మరి?"

"చెప్పిన."

"ఏమన్నది?"

అటువైపు పిల్ల నవ్వుతోంది. వాళ్ళమ్మ గొంతు పెట్టి మరీ చెప్పింది. "'ఇప్పుడు సరిపోయినయా? మరి పెరిగే పిల్లకని కొన్న గద!' అన్నది మేడం."